ఎవరి చెవి, ఎవరి కొలత?

చెవి రంధ్రానికి ముందు తలుపు రెక్కలా ఒక చిన్న మెత్తటి ఎముక ఉంటుంది. చప్పుడు భరించలేనప్పుడు మనం వేలితో నొక్కుకునేది దాన్నే. శాస్త్రంలో దాని పేరు ట్రేగస్. దాని పై నొక్కులో ఉండే బిందువు ట్రేగియన్. ఆ బిందువూ, కంటిగుంత కింది అంచూ ఒకే మట్టానికి వచ్చేలా తలను నిలబెట్టి కొలవాలి. 1882లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో పండితులు పుర్రెల కోసం ఒప్పుకున్న పద్ధతి బతికున్న మనుషుల తలలకు ఇలా వర్తించింది. దంతవైద్యులకు, హెల్మెట్లు చేసేవాళ్ళకు నేటికీ పనికొస్తుంది. బిందువుతో నాకు తగాదా లేదు.

ఎమ్మే చదివే రోజుల్లో మిరప కోతల కాలంలో ప్రకాశం జిల్లా ఎరుకల గుడిసెల మధ్య కాలిపర్స్ పట్టుకుని నిలబడ్డాను. ఒక పెద్దావిడ చెవి కమ్మ తీసి కొంగున ముడేసుకుంటూ, "మా చెవులు కొల్చుకోని ఏం చేసుకుంటావమ్మా? కేసు రాస్తారా?" అంది. నేను నవ్వాను. ఆ నవ్వుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆమె భయం అజ్ఞానం కాదు, అనుభవం. 1880లలో పారిస్ పోలీసు ఉద్యోగి బెర్తియాన్ ముద్దాయిల గుర్తింపుకు ఎంచుకున్న కొలతల్లో కుడి చెవి పొడవు ఒకటి. అక్కడ కొలిచింది ఒక్కొక్క ముద్దాయిని. ఇక్కడ కులాలనే కొలిచారు. 1885 నుంచి 1908 దాకా మద్రాసు మ్యూజియం అధిపతిగా ఉన్న ఎడ్గర్ థర్‌స్టన్ తలలూ ముక్కులూ కొలిచి, రంగాచారితో కలిసి 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. తమలో మంచి వాళ్ళను ఏరి, గడ్డి కూరి మ్యూజియంలో పెడతాడేమోనని పణియ స్త్రీలు భయపడ్డారని ఆయనే రాశాడు. ఆయనకూ అది నవ్వులాటే!

పుట్టుకతోనే నేరస్థులనే ముద్రకు చట్టం 1871లోనే ఉంది. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు. వేలిముద్రలు, హాజరు, సెటిల్‌మెంటు, పిల్లల్ని తల్లుల నుంచి విడదీసే అధికారం అన్నీ అందులో ఉన్నాయి. బాపట్ల, చీరాల మధ్య సాల్వేషన్ ఆర్మీ చేతిలో నడిచిన స్టూవర్టుపురం ఆ చట్టం బిడ్డే. బుట్టలల్లి, సోది చెప్పి, ఊళ్ళో ఆడవాళ్ళకు పచ్చబొట్లు పొడిచి బతికిన స్త్రీల మీదే సర్కారు తన ముద్ర పొడిచింది. అక్కడి శ్రమ చీరాల పొగాకు కంపెనీకి అక్కరకొచ్చింది. సంస్కరణ ఎవరికి, లాభం ఎవరికి? 1952లో చట్టం రద్దయింది. ఊరి పేరు మాత్రం 1991లోనూ 2023లోనూ సినిమాలకు దొంగల సరుకుగానే పనికొచ్చింది.

ఇప్పుడు 2022 నాటి క్రిమినల్ ప్రొసీజర్ గుర్తింపు చట్టం వచ్చింది. వేలిముద్రలు, కంటిపాప, శారీరక నమూనాలు అన్నిటికీ దానిలో "కొలతలు" అనే పేరు. రికార్డు 75 ఏళ్ళు ఉంటుంది. దానికి శిక్ష పడనక్కర్లేదు, అరెస్టు చాలు. "మంచి నడవడి"కి పూచీ ఇమ్మని మేజిస్ట్రేటు ఉత్తర్వు వేసినా చాలు. పాత కేడీల జాబితాలో మొదట పడిన పేర్లు ఎవరివో మనకు తెలియదా?

అత్యాచారం చేసినవాడు దొరుకుతాడు కదా అని మన మిత్రులే అంటున్నారు. రక్తం, వెంట్రుకల నమూనాలు ఇవ్వనని అరెస్టయినవాళ్ళు అనవచ్చు. స్త్రీల మీద, పిల్లల మీద నేరాల్లోనూ, ఏడేళ్ళు లేదా అంతకు మించిన శిక్షల కేసుల్లోనూ మాత్రం అనకూడదు. అంటే మన పేరు చెప్పుకునే ఈ చట్టం లోపలికొచ్చింది. ఒక నిందితుడి నమూనాను ఆ కేసులోని సాక్ష్యంతో పోల్చడం వేరు. దొరికినవాళ్ళందరి శరీరాలనూ మూడు తరాల పాటు భద్రం చేయడం వేరు. నా కూతురి రక్షణ కోసం ఎరుకల తల్లి కూతురు జీవితమంతా అనుమానితురాలిగా ఉండాలంటే ఆ బేరం నాకొద్దు.

2024 అక్టోబరులో, సుకన్య శాంత అనే పాత్రికేయురాలు వేసిన కేసులో, జైలు మాన్యువళ్ళలోని కుల నిబంధనలను సుప్రీంకోర్టు కొట్టేసింది. ఒక స్త్రీ అడిగితేనే అది కదిలింది. స్టేషన్‌కు వెళ్ళే మన బృందాలు ఎఫ్ఐఆర్ కాపీతో ఆగకూడదు. ఏ కొలత తీశారు, ఏ సెక్షన్ కింద తీశారు, నిర్దోషిగా బయటికొచ్చినవాళ్ళ రికార్డు చట్టం చెప్పినట్టు చెరిపేశారా అని రాతపూర్వకంగా అడగాలి.