చేతి వణుకుకు మణికట్టు పట్టీ.. ఉద్దానంలో ముందు చూడాల్సింది కిడ్నీనే

టీ గ్లాసు ఎత్తితే తొణుకుతుంది. సూదిలో దారం ఎక్కదు. సంతకం కలవడం లేదని బ్యాంకులో చెక్కు తిప్పి పంపుతారు. మన ఇళ్లలో దీన్ని ‘మా తాతకీ ఉండేది’ అని వదిలేస్తుంటారు. అందులో కొంత నిజం ఉంది. ఎసెన్షియల్ ట్రెమర్ అనే ఈ వణుకు సుమారు సగం మందిలో కుటుంబంలో ఉన్నదే. 65 దాటినవారిలో నూటికి నలుగురైదుగురికి ఉంటుందని అంచనా. పార్కిన్సన్స్‌లో చేయి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు ఎక్కువగా వణుకుతుంది. ఇందులో ఏదైనా పట్టుకోబోతేనే వణుకుతుంది.

దీనికి మందులు, మెదడు ఆపరేషన్లే కాకుండా మరో దారి వచ్చింది. గడియారంలా మణికట్టుకు కట్టుకునే పట్టీ ఇది. ‘కాలా ట్రయో’ పేరిట వచ్చిన ఈ పరికరానికి అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. తర్వాతి రకం ‘కాలా కిక్’ను 2022లో పార్కిన్సన్స్ రోగుల చేతి వణుకుకూ అనుమతించారు. మణికట్టులోంచి వెళ్లే మీడియన్, రేడియల్ నాడులకు ఇది ఒకదాని తర్వాత ఒకటిగా సన్నటి విద్యుత్ తరంగాలు పంపుతుంది. ఆ సంకేతాలు మెదడులోని థాలమస్‌కు చేరి, వణుకు పుట్టించే లయను చెదరగొడతాయి. ఎవరి వణుకు వేగానికి తగ్గట్టు వారి పట్టీని సరిచేస్తారు. ఒక్కో విడత 40 నిమిషాలు. తీసేశాక ఉపశమనం కొందరిలో గంటకు పైగా ఉంటుంది. అంటే భోజనానికి ముందో, రాతపనికి ముందో పెట్టుకోవాలి. జబ్బును ఇది మాన్పదు.

ఎంత పనిచేస్తుంది? ఇక్కడే ప్రకటనల కంటే పరిశోధనలు చదవడం మేలు. 2019లో ప్రచురితమైన ప్రయోగంలో 77 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు అసలు చికిత్స, రెండో జట్టుకు ఉత్తుత్తి చికిత్స ఇచ్చారు. ప్రధాన పరీక్షగా పెట్టుకున్న సుడి బొమ్మ గీయడంలో రెండు జట్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు. చేతి వణుకు మొత్తం స్కోరులో మాత్రం అసలు చికిత్స మెరుగనిపించింది. 2020లో వచ్చిన అధ్యయనంలో 263 మంది మూడు నెలలు ఇంట్లో వాడారు. చివరిదాకా నిలిచింది 205 మంది. వారిలో ఎక్కువమందికి మేలు కనిపించింది. కానీ అందులో పోల్చి చూడటానికి ఉత్తుత్తి పట్టీ జట్టు లేదు. కొందరికి చర్మం ఎర్రబడటం, మంట వంటివి వచ్చాయి. ఆశ పెట్టుకోవచ్చు, అప్పు చేసి కొనేంత కాదన్నదే మా అంచనా.

అయినా నిమ్మాడ, టెక్కలి, పలాస, కవిటి వైపు ఈ వార్తకు వేరే బరువుంది. కారణం ఇప్పటికీ తేలని కిడ్నీ జబ్బు ఇక్కడ ఇంటింటి కథ. షుగరు, బీపీ లేనివారికీ వస్తుంది. బాగా ముదిరేదాకా బయటపడదు. రక్తంలో మలినాలు పెరిగితే చేతులు వణకడం, చాచిన అరచేతులు రెక్కలు కొట్టినట్టు పడిపోవడం ఉంటాయి. దాన్ని వంశపు వణుకనుకుంటే విలువైన నెలలు పోతాయి. అందుకే ఇక్కడ కొత్తగా వణుకు మొదలైతే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక అందుకు విశాఖ దాకా వెళ్లే పని లేదు. థైరాయిడ్ పరీక్ష కూడా చేయించండి. ఉబ్బసానికి వాడే సాల్బుటమాల్, మూర్ఛకు వాడే వాల్‌ప్రొయేట్ కూడా వణుకు తెస్తాయి.

ఇక మందుల సంగతి. మొదట రాసేది ప్రొప్రనోలాల్, ఉబ్బసం ఉంటే అది పనికిరాదు. తర్వాతి వరుసలోని గాబాపెంటిన్ కిడ్నీల ద్వారానే బయటికి పోతుంది. అవి దెబ్బతింటే ఒంట్లో పేరుకుని మగత, కండరాల కుదుపులు తెస్తుంది. టోపిరమేట్‌తో కిడ్నీలో రాళ్ల భయం. రోజంతా జీడిపప్పు పొట్టు తీసే మనిషికి చేయి నిలవకపోతే కూలి పోతుంది, మగత వచ్చినా పోతుంది. మందు లేని దారి నిజంగా అక్కరకొచ్చేది ఇలాంటివారికే.

కానీ ఒక చిక్కుంది. డయాలసిస్ కోసం చాలామందికి మణికట్టు దగ్గరే ఫిస్టులా వేస్తారు. ఆ చేతికి బిగుతైన గడియారమే వద్దంటారు, విద్యుత్ పట్టీ మాటే లేదు. రెండో చేతికైనా డాక్టరును అడగాల్సిందే. పేస్‌మేకర్ ఉన్నవారు, మూర్ఛ వచ్చేవారు, గర్భిణులు దీని జోలికి పోకూడదు.

ఆన్‌లైన్‌లో ‘వణుకు పట్టీ’ పేరిట కనిపించేవన్నీ ఇవి కావు. ఫిజియోథెరపీలో నొప్పికి పెట్టే టెన్స్ యంత్రమూ దీనికి బదులు కాదు. అసలుది అమెరికాలోనూ డాక్టరు చీటీ మీదే ఇస్తారు. పైసలు పెట్టేముందు న్యూరాలజిస్టును కలవండి. వెళ్లేటప్పుడు వాడే మందులన్నీ, క్రియాటినిన్ రిపోర్టు, నీళ్ల గ్లాసు పట్టుకున్నప్పుడూ చేయి ఒళ్లో పెట్టుకున్నప్పుడూ ఫోనులో తీసిన చిన్న వీడియో పట్టుకెళ్లండి.