నీటికాసులు: మసకబారే కార్నియా, మరలిరాని చూపు

పదవీ విరమణకు చేరువైన మన సహోద్యోగి ఒకరు నీటికాసుల వ్యాధికి ఆరేళ్లు చుక్కల మందు వాడి, "చూపు బాగానే ఉంది గదా" అని మానివేశారు. ఏడాది గడిచేసరికి ఒక కన్ను మసకబారింది. శుక్లమై ఉంటుందని వారు భావించారు. పరీక్షలో కంటి పీడనం మిక్కిలి పెరిగి, కార్నియా ఉబ్బినదని తేలింది. ఈ మాసం ఆ విషయాన్నే పాఠకుల ముందుంచుతున్నాము.

నల్లగుడ్డుకు ముందు గడియారపు అద్దంవలె అమరిన పారదర్శకమైన పొరయే కార్నియా. మధ్యభాగంలో దాని మందం సుమారు అర మిల్లీమీటరు. దాని లోపలి అంచున ఒకే వరుసగా ఉండే కణాలు కార్నియాలో చేరే నీటిని నిరంతరం తోడివేస్తుంటాయి. అవి నశిస్తే మరల పుట్టవు. పీడనం బాగా పెరిగితే ఆ కణాలు అలసి, కార్నియా నీరుపట్టి మసకబారుతుంది. దీపాల చుట్టూ రంగుల వలయాలు కనిపించడం దీనికొక సూచన.

కార్నియా మందంతో మరొక సంబంధమున్నది. అది పలుచగా ఉన్నవారిలో పరికరం చూపే పీడనం అసలు కంటె తక్కువగా ఉండవచ్చు. కంటి పీడనం అధికంగా ఉన్నవారిలో పలుచని కార్నియా గలవారికి ఈ వ్యాధి వచ్చే అవకాశం హెచ్చని అమెరికాలో జరిగిన ఒక పెద్ద అధ్యయనం 2002లో తెలిపింది. కనుక పీడనంతోపాటు మందాన్నీ ఒకసారి కొలిపించుకొనుట మేలు.

కొన్ని చుక్కల మందులలో చెడిపోకుండా కలిపే రసాయనం వలన కళ్లు మండి, పొడిబారవచ్చు. అట్టివారు మందు మానరాదు. వైద్యునికి చెప్పి మార్పించుకోవాలి. సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు కొని వాడుట మరింత ప్రమాదం. అవి పీడనాన్ని పెంచగలవు.

మన సహోద్యోగికి చికిత్సతో పీడనం తగ్గి, కార్నియా తేటపడింది. కాని పక్కచూపులో పోయిన భాగం తిరిగి రాలేదు. పాడైన కార్నియా స్థానంలో నేత్రదాత ఇచ్చిన కార్నియాను అమర్చవచ్చు. నశించిన దృష్టినాడిని బాగుచేసే విద్య నేటికీ లేదు.

నలభై ఏళ్లు దాటినవారు, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ వ్యాధి ఉన్నవారు కంటి పరీక్షను వాయిదా వేయవద్దని మా మనవి. చుక్కల మందు ఉన్న చూపును నిలుపుతుందే గాని, పోయిన చూపును తేజాలదు.