తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: ఆపరేషన్ రోగికి తగినట్టు ఉండాలి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖల మంత్రులకు,

తొలిదశ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అందరిలో ఒకేలా ఉండదు. గర్భాశయంతో పాటు చుట్టూ ఉన్న కణజాలాన్నీ తొలగించే పెద్ద ఆపరేషన్ తర్వాత కొందరికి మూత్రం ఆగదు, కొందరికి సరిగా రాదు. కణితి 2 సెంటీమీటర్లకు మించని, లోతుగా పాకని 700 మందిపై జరిగిన షేప్ అధ్యయనం 2024లో వెలువడింది. మూడేళ్లలో కటిభాగంలో వ్యాధి తిరగబెట్టింది పెద్ద ఆపరేషన్‌తో 2.17 శాతం, గర్భాశయం మాత్రమే తీసేస్తే 2.52 శాతం. మూత్ర సమస్యలు రెండో పద్ధతిలో తక్కువ. పిల్లలు కావాలనుకునే అర్హులకు గర్భాశయాన్ని కాపాడే శస్త్రచికిత్సలూ ఉన్నాయి.

అందుకే ఆపరేషన్‌కు ముందే కణితి పరిమాణం, లోతు, మహిళ అభీష్టం నిపుణుల బృందం పరిశీలించి, నిర్ణయాన్ని కారణాలతో రాసి ఆమెకు ఇవ్వాలని అన్ని ఆసుపత్రులను ఆదేశించండి.