రెండు తలుపుల మధ్య మనవాళ్లు

శివకాశి అనగానే టపాకాయలు, అగ్గిపెట్టెలు గుర్తొస్తాయి. ఆ పేరుతో ఒక లోక్‌సభ స్థానం ఉండేదని మన యువతలో చాలామందికి తెలియదు. 1967 నుంచి 2004 వరకు పదకొండు సార్వత్రిక ఎన్నికలు చూసిన ఆ నియోజకవర్గం 2008 నాటి పునర్విభజనలో రద్దయింది. 2009 ఎన్నికల నుంచి విరుదునగర్ పేరుతో కొత్త స్థానం వచ్చింది. మదురైకి దక్షిణాన ఉన్న ఆ నల్లరేగడి నేలలో తెలుగు మాట్లాడే కుటుంబాలు వందల ఏళ్లుగా ఉన్నాయి. నియోజకవర్గాల సరిహద్దులు మళ్లీ గీస్తారన్న చర్చ దేశమంతా నడుస్తోంది కాబట్టి, ఆ పాత స్థానం కథను ఈ సంచికలో పాఠకుల ముందు ఉంచుతున్నాం.

1967లో శివకాశి మొదటి ఎన్నికలో స్వతంత్ర పార్టీ గెలిచింది. అదే ఏడాది ఆ ప్రాంతంలోనే విరుదునగర్ శాసనసభ స్థానంలో కామరాజ్ అంతటి నాయకుడు పి. శ్రీనివాసన్ అనే విద్యార్థి నాయకుడి చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిపోయారు. 1971, 1977లలో కాంగ్రెస్ తరఫున వి. జయలక్ష్మి పార్లమెంటుకు వెళ్లారు. 1980లో తమిళనాడు మొత్తంలో అన్నాడీఎంకేకు దక్కినవి రెండే సీట్లు. అందులో శివకాశి ఒకటి. ఆ తరువాత మూడు ఎన్నికల్లోనూ ఆ పార్టీదే గెలుపు. 1996లో సీపీఐ అభ్యర్థి వి. అళగిరిసామి గెలిచారు. 1998, 1999లలో ఎండీఎంకే నాయకుడు వైకో, 2004లో అదే పార్టీకి చెందిన ఎ. రవిచంద్రన్ గెలిచారు. అంటే ఈ ఓటర్లు ఏ ఒక్క పార్టీకీ శాశ్వతంగా రాసివ్వలేదు.

వైకో తెలుగు మూలాలున్న కుటుంబంలో పుట్టినవారు. శివకాశి ఎంపీగా ఉండగానే 2002లో పోటా చట్టం పార్లమెంటు ముందుకు వచ్చినప్పుడు ఆయన దాన్ని సమర్థించారు. కొద్ది నెలలకే, జూలైలో, తిరుమంగళంలో చేసిన ప్రసంగం కారణంగా అదే పోటా కింద ఆయన్ని అరెస్టు చేశారు. ఏడాదిన్నరకు పైగా జైల్లో ఉన్నారు. అంతకాలం శివకాశి ఓటర్ల ప్రతినిధి జైలు గోడల వెనకే. కఠినమైన చట్టాలను చేతులెత్తి ఆమోదించేవారు ఒకసారి ఈ సంగతి గుర్తు చేసుకోవాలి.

2009లో కొత్త విరుదునగర్ స్థానంలో వైకో కాంగ్రెస్ అభ్యర్థి మాణిక్కం ఠాగూర్ చేతిలో ఓడిపోయారు. కోవిల్‌పట్టి, విలాత్తికుళం తూత్తుకుడి స్థానంలోకి వెళ్లాయి. తిరుమంగళం, తిరుప్పరంకుండ్రం విరుదునగర్‌లో చేరాయి. 2024లో అక్కడ గెలుపు తేడా 4,379 ఓట్లు. నాలుగైదు పల్లెలు కలిస్తే ఒక ఎంపీ మారిపోయేంత చిన్న తేడా అది.

ఇక్కడిదాకా ఏ పత్రికలోనైనా దొరికే చరిత్రే. మా ప్రశ్న వేరు. ఈ పట్టికలో పార్టీలు ఉన్నాయి, నాయకులు ఉన్నారు. ఆ నేల మీద తెలుగు మాట్లాడే జనమంతా ఉన్నారా?

విజయనగర కాలంలోనూ, ఆ తరువాత మదురై నాయకుల పాలనలోనూ తెలుగువారు దక్షిణానికి వెళ్లి స్థిరపడ్డారు. ఆ చరిత్ర చెప్పుకునేటప్పుడు మనం పాలెగాళ్ల గురించి, కట్టబొమ్మన గురించి, రాజపాళయం రాజుల గురించి గర్వంగా చెప్పుకుంటాం. రాజపాళయానికి చెందిన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగా పనిచేశారు కూడా. అదే నేలపై ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడుతూ బతికినవారు మరికొందరున్నారు. వాళ్లే అరుంధతీయులు. మోటకు తోలు సంచులు కుట్టింది వాళ్లు, చెప్పులు కుట్టింది వాళ్లు, కోయంబత్తూరు, మదురై వీధులు ఊడ్చి కాలువలు ఎత్తిపోసింది వాళ్లు. చక్కిలియన్, మాదారి, మాదిగ, పగడై, తోటి, ఆది ఆంధ్ర అని చట్టం వారిని రకరకాల పేర్లతో పిలుస్తుంది. 2009లో తమిళనాడు ప్రభుత్వం ఎస్సీల 18 శాతంలో 3 శాతం వారికి ప్రత్యేకించింది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణ చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. సంతోషించవలసిన విషయమే. కాని ఆ 3 శాతం చదువుకూ ఉద్యోగానికీ మాత్రమే; ఎన్నికల సీట్లకు వర్తించదు. క్రైస్తవుడైన అరుంధతీయుడికి ఆ చదువూ ఉద్యోగమూ కూడా దక్కవు. తమిళనాడులో అతణ్ణి వెనుకబడిన తరగతిగా లెక్కిస్తారు.

ఎందుకంటే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు మూడో పేరా హిందువులు కానివారిని ఎస్సీలుగా గుర్తించదు. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ గుర్తింపు ఇచ్చారు. క్రైస్తవులు, ముస్లింలు బయటే ఉండిపోయారు. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ షరతు తీసేయమని చెప్పినా ఉత్తర్వు మారలేదు.

దీన్ని ఓటు భాషలోకి తెచ్చి చూద్దాం. శివకాశి జనరల్ స్థానం. ఇప్పటి విరుదునగర్ కూడా అంతే. అక్కడ మన అరుంధతీయ క్రైస్తవుడు పోటీ చేయడానికి చట్టం అడ్డు చెప్పదు. కాని డబ్బూ కులబలమూ చూసి టికెట్లు పంచే పార్టీలు అతని గుమ్మం తొక్కవు. పోనీ, పక్కనున్న తెన్‌కాశి రిజర్వుడు స్థానానికి వెళ్దామంటే అక్కడ చట్టమే అడ్డు. ఒక తలుపు పార్టీలు మూశాయి, ఇంకో తలుపు చట్టం మూసింది. కోయంబత్తూరు వైపూ ఇదే కథ. పొల్లాచ్చి 1977 నుంచి 2004 ఎన్నికల దాకా రిజర్వుడు స్థానం. 2009లో జనరల్ అయింది. మేట్టుపాళయం, అవినాశి ఉన్న నీలగిరి స్థానం అదే ఏడాది రిజర్వుడు అయింది. గీతలు అటూ ఇటూ జరిగాయి. రెండు తలుపుల మధ్య నిలబడ్డ మనిషి మాత్రం కదలలేదు.

రిజర్వుడు స్థానం విలువ ఏమిటో తెలియాలంటే పి. ధనపాల్‌ను చూడండి. అరుంధతీయ వర్గానికి చెందిన ఆయన రాశిపురం, అవినాశి రిజర్వుడు స్థానాల నుంచి గెలిచి, 2012 నుంచి 2021 వరకు తమిళనాడు శాసనసభ స్పీకరుగా ఉన్నారు. ఆ తలుపు తెరిచి ఉంటే మన వాడల నుంచి ఎంత దూరం వెళ్లవచ్చో ఇది చెబుతుంది.

తలుపు మూసినప్పుడు ఏమవుతుందో తేని జిల్లా కొండల అవతల కేరళలోని దేవికుళంలో చూశాం. ఆ రిజర్వుడు శాసనసభ స్థానంలో గెలిచిన సీపీఎం అభ్యర్థి ఎ. రాజా క్రైస్తవుడంటూ 2023 మార్చిలో కేరళ హైకోర్టు ఆయన ఎన్నికను రద్దు చేసింది. 2025 మేలో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఆ వ్యాజ్యంలో చర్చి రిజిస్టర్లు, పెళ్లి ఫోటోలు సాక్ష్యాలయ్యాయి. బాప్తిస్మము పొందినవారి పేర్లు సంతోషంతో రాసుకునే పుస్తకం ఒక పౌరుడి హక్కు తేల్చే కాగితం కావడం ఎంత బాధాకరం!

సీటు కేటాయిస్తే చాలదని మదురై జిల్లాయే నేర్పింది. 1996లో మేలవళవు పంచాయతీని దళితులకు కేటాయిస్తే, అధ్యక్షుడిగా ఎన్నికైన మురుగేశన్‌ను, మరో ఐదుగురిని 1997 జూన్ 30న నరికి చంపారు. మదురై జిల్లాలోని పాప్పాపట్టి, కీరిపట్టి, నాట్టార్‌మంగళం, విరుదునగర్ జిల్లాలోని కొట్టకచ్చియేందల్ పంచాయతీల్లో 2006 దాకా ఎన్నిక సవ్యంగా జరగనివ్వలేదు. కాగితం మీద సీటు, కుర్చీ మీద మనిషి, రెండూ కావాలి.

మరి సంఘం ఏం చేస్తోంది? అమెరికన్ మదురై మిషన్ 1834లో పని మొదలుపెట్టింది. ఇంత కాలం తరువాత కూడా తిరుచ్చి మేలపుదూర్‌లో క్రైస్తవ శ్మశానంలోనే దళితులను వేరు చేసే గోడ ఉందంటే, ప్రభుత్వాన్ని మాత్రమే నిందించి ఊరుకోలేం. ఎన్నికల వేళ అభ్యర్థులను పిలిచి ప్రార్థన చేసి పంపే పెద్దలు, మూడో పేరా గురించి మీ మాట ఏమిటని వారిని ఎన్నిసార్లు అడిగారు?

సంఖ్యాకాండము 26వ అధ్యాయంలో జనసంఖ్య లెక్క ఉంది. ఆ లెక్క ప్రకారమే దేశాన్ని పంచాలని దేవుడు చెప్పాడు. వెంటనే 27వ అధ్యాయంలో సెలోపెహాదు కుమార్తెలు ఐదుగురు మోషే ముందుకు వస్తారు. ఆ పంపకంలో తమకు చోటు లేదని, తండ్రి పేరు ఎందుకు మాసిపోవాలని అడుగుతారు. వారి మాట న్యాయమని దేవుడే ఒప్పుకొని నియమాన్ని మార్చాడు. జనగణన, ఆపైన భూమి పంపకం, అందులో మరిచిపోయినవారు లేచి నిలబడడం: మన ముందున్న వరుస కూడా అదే. రాబోయే జనగణనలో కులాన్నీ లెక్కిస్తామని కేంద్రం ప్రకటించింది. 2026 తరువాత జరిగే మొదటి జనగణన ఆధారంగా సీట్లు మళ్లీ పంచాలన్నది ఇప్పటిదాకా రాజ్యాంగంలో ఉన్న ఏర్పాటు.

కాబట్టి కోయంబత్తూరు, మదురై, విరుదునగర్ జిల్లాల్లో ఉన్న మన యువతీ యువకులకు ఒక మాట. లెక్క రాసేవారు ఇంటికి వచ్చినప్పుడు మతం దగ్గర క్రైస్తవులమని, మాతృభాష దగ్గర తెలుగు అని, కులం దగ్గర ఉన్న కులమే చెప్పండి. రాసింది చదివి చూసుకోండి. వాడలో ప్రతి ఇంటి పేరు ఓటర్ల జాబితాలో ఉందో లేదో చూడండి. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, ఏ పార్టీవారైనా సరే, మూడో పేరా రద్దుకు పార్లమెంటులో ఓటు వేస్తారా లేదా అని పదిమంది ముందు అడగండి. జవాబు రాసి పెట్టుకోండి.

సెలోపెహాదు కుమార్తెలు పంపకం అయిపోయాక ఏడవలేదు. గీతలు గీయకముందే వెళ్లి అడిగారు. శివకాశి పేరు చెరిగిపోయినప్పుడు మనల్ని ఎవరూ అడగలేదు, మనమూ ఎవర్నీ అడగలేదు. ఈసారైనా ముందుగా అడుగుదాం.