వస పోసి ఊరుకుంటే చాలదు

వాడపల్లి: శనివారం వచ్చిందంటే వాడపల్లి వెంకన్న గుడి చుట్టూ ఇసుక వేస్తే రాలని జనం. ఏడు వారాల మొక్కుతో ప్రదక్షిణలు చేసేవారిలో పెళ్ళి కావాలనేవారు, ఉద్యోగం రావాలనేవారే కాదు, రెండేళ్ళు దాటినా మాటలు రాని బిడ్డను చంకనేసుకుని వచ్చే తల్లులూ ఉంటారు. మొక్కుకోవడంలో తప్పు లేదు. ఆ వారాలన్నీ ఇంటి దగ్గర ఏ ప్రయత్నమూ చేయకుండా గడిపేయడమే విచారకరం.

మాట ఆలస్యమైతే పల్లెల్లో మొదట వినిపించేది "మేనమామ పోలిక, వాడికీ నాలుగేళ్ళకు గాని మాటలు రాలేదు" అన్న ఓదార్పు. తర్వాత వస పోస్తారు, దిష్టి తీస్తారు. నాలుక కింద తీగ కోయిస్తే సరి అనేవారూ లేకపోలేదు. ఇవన్నీ అయ్యేసరికి బిడ్డకు మూడేళ్ళు నిండుతాయి. నేర్పితే త్వరగా అబ్బే వయసు కాస్తా జారిపోతుంది.

ఆలస్యంగా మాట్లాడి అందరితో సమానమయ్యే పిల్లలూ ఉన్నారు, నిజమే. అయితే చూడవలసింది మాట ఒక్కటే కాదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తున్నాడా? లేగదూడనో, కాలువలో పడవనో వేలితో చూపి అమ్మ మొహం వంక చూస్తున్నాడా? బొమ్మబండిని నడపకుండా చక్రం మాత్రమే గంటల తరబడి తిప్పుతున్నాడా? వచ్చిన నాలుగు మాటలూ పోయాయా? ఏడాదిన్నర వయసులో ఇటువంటివి కనిపిస్తే ఆటిజం కావచ్చునేమోనని పరీక్ష చేయించాలి. ముందు చెవులు వినిపిస్తున్నాయో లేదో చూపించుకోవాలి.

ఆటిజాన్ని 1943లో అమెరికాలో డాక్టర్ లియో కానర్ పదకొండు మంది పిల్లలలో గుర్తించి వివరించారు. ఆ తర్వాత చాలాకాలం అక్కడి వైద్యులు కొందరు తల్లికి ప్రేమ లేకపోవడమే కారణమన్నారు. అది తప్పని తేలిపోయింది. మన ఇళ్ళల్లో మాత్రం "నీ పెంపకమే ఇంత" అని కోడలిని ఆడిపోసుకోవడం ఇంకా పోలేదు. పెంపకం వల్ల గాని, టీకాల వల్ల గాని ఇది రాదు.

జబ్బు పేరు తేలడానికి నెలలు పట్టవచ్చు. అందాకా ఆగనక్కరలేదు. బిడ్డకు ఎదురుగా నేల మీద కూర్చోవాలి. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టేయకుండా చిన్న ముక్క ఇచ్చి, "పండు" అని ఆగాలి. బిడ్డ చేయి చాచినా, మొహం వంక చూసినా, "ప" అన్నా వెంటనే ఇంకో ముక్క ఇవ్వాలి. ఏడిపించి ఇవ్వడం కాదిది. అడిగితే దొరుకుతుందని తెలియజెప్పడం. చక్రం తిప్పుతుంటే లాక్కోకుండా పక్కన కూర్చుని తామూ ఒకసారి తిప్పి, "ఇప్పుడు నీ వంతు" అనాలి. నీళ్ళు పోసేటప్పుడు "చెయ్యి, కాలు, బొజ్జ" అంటూ పొట్టి మాటలు చాలు. మామ్మ ఆడించే తారంగం, దాగుడుమూతలు పైసా ఖర్చు లేని పాఠాలు. ఒకేసారి గంట కూర్చోబెట్టే కన్నా పూటపూటకూ కాసేపు చేయడం మేలు. తేలినది ఆటిజం కాకపోయినా ఇందువల్ల నష్టమేమీ లేదు. సెల్‌ఫోన్ చేతికిస్తే అన్నం తింటాడు, కాని ఆ అరగంటా ఎవరి మొహమూ చూడడు.

కోనసీమలో మరో భయం ఉంది. ఇటువంటి పిల్లలలో కొందరికి చెప్పకుండా బయటికి పోయే అలవాటు, నీళ్ళంటే ఆకర్షణ ఎక్కువ. మనకేమో గుమ్మం దిగితే కాలువ, గట్టు దిగితే గోదావరి. వీధి తలుపుకు అందని ఎత్తులో గొళ్ళెం, దొడ్డివైపు గట్టి దడి ఈ రోజే పెట్టుకోవాలి. ఇరుగుపొరుగుకూ చెప్పి ఉంచాలి.

కాగితాల మీద ఏర్పాట్లకు కొదవ లేదు. అంగన్‌వాడీ పిల్లలను వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలన్న పథకం 2013లోనే వచ్చింది. 2016 చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చింది. 2023లో దివ్యాంగ శిశువుల కోసం అంగన్‌వాడీలకు మార్గదర్శకాలు, 2024లో మూడేళ్ళలోపు పిల్లలకు 140 ఆటపాటలతో 'నవచేతన' వెలువడ్డాయి. అవి అంగన్‌వాడీ టీచరు బీరువాలో కాక తల్లి చేతుల్లో ఉండాలి. కూలికి పోయే తల్లి పట్నం ఆసుపత్రుల చుట్టూ తిరగలేదు. ఆత్రేయపురంలోనో కొత్తపేటలోనో నెలకు ఒకరోజు ఈ పిల్లలను చూసే ఏర్పాటు చేయాలని, ఆ రోజు ఎప్పుడో వాడపల్లి గుడి క్యూలైన్ల దగ్గర బోర్డు మీద రాయించాలని అధికారులను కోరవలసి ఉంది.