కారు చక్రముల కొలతలు

గృహయంత్రములను గూర్చిన మా శీర్షికలో ఈ మాసమున కారు చక్రములను గూర్చి ముచ్చటింపదలచితిమి. ఇది పురుషుల వ్యవహారము గదా, మనకేల యని కొందఱు సోదరీమణులు తలంపవచ్చును. కాని నేడు పిల్లలను బడిలో దింపుట, పెద్దలను వైద్యునికడకు గొనిపోవుట మొదలగు పనులను పెక్కు గృహములలో స్త్రీలే స్వయముగా కారు నడుపుకొని నెరవేర్చుచున్నారు. నడుపనివారు సయితము ఆ బండిలోనే కూర్చుందురు. కారు నేలను తాకునది నాలుగుచోట్ల మాత్రమే. ఒక్కొక్కచోట నేలనంటు భాగము ఇంచుమించు మన యరచేయియంత యుండును. కుటుంబమంతయు ఆ నాలుగు అరచేతులపై ప్రయాణము చేయుచున్నదన్నమాట.

టైర్లు అరిగినప్పుడో, బండి కొన్న క్రొత్తలోనో, ఇనుపచక్రములు తీసివేసి అల్లాయి చక్రములు వేయింతమనియు, ఇంకొక అంగుళము పెద్దవి వేయింతమనియు ఇంటిలోని యువకులు ముచ్చటపడుదురు. ముచ్చటపడుట తప్పుగాదు. అయితే చక్రము కంటికి నచ్చినంతమాత్రమున బండికి సరిపడదు. గాజుల సంగతి మనకు తెలియనిది కాదు. రెండుంబావు చేతికి రెండున్నర గాజు వదులై జాఱిపోవును. రెండున్నర చేతికి రెండుంబావు గాజు ఎక్కనే యెక్కదు. గాజున కొక్కటే కొలత. చక్రమునకు నాలుగైదు కలవు. అన్నియు కుదిరిననే అది మన బండి చక్రము.

ముందుగా డ్రైవరు కూర్చుండు వైపు తలుపు తెఱచి చూడుడు. తలుపుచట్రముమీద సాధారణముగా నొక చిన్న పట్టీ అంటించియుండును. టైరు కొలతయు, నింపవలసిన గాలి లెక్కయు దానిపై నుండును. బండితో నిచ్చిన పుస్తకమునందును ఆ వివరములే కలవు. పట్టీమీద 185/65 ఆర్15 అనియు, టైరుమీద దాని ప్రక్కనే 88 హెచ్ అనియు నున్నదనుకొందము. 185 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. 65 అనగా ఆ వెడల్పులో నూటికి 65 వంతులు టైరు ప్రక్కగోడ యెత్తు. అది 120 మిల్లీమీటర్లగును. 15 లోపలి చక్రపు వ్యాసము, అంగుళములలో. 88 అను సంఖ్యగల టైరు 560 కిలోలు మోయగలదు. హెచ్ అను అక్షరము గంటకు 210 కిలోమీటర్ల వేగమువఱకు తట్టుకొనునని తెలుపును. 84 సంఖ్యగల టైరు 500 కిలోలే మోయును. ఇంటిల్లిపాదియు మూటముల్లెలతో ఊరికి బయలుదేరునప్పుడు చక్రమునకు 60 కిలోల చొప్పున బలము తగ్గుట చిన్నమాట కాదు. కావున బరువు సంఖ్య పాతదానికంటె తక్కువ కారాదు.

చక్రము పెద్దది చేయదలచినచో టైరుతో కూడిన మొత్తము వ్యాసము మాఱకుండ చూచుకొనవలయును. పై టైరు మొత్తము వ్యాసము 621 మిల్లీమీటర్లకు పైచిలుకు. దానికి బదులు 195/55 ఆర్16 వేసినచో మొత్తము ఇంచుమించు అంతియే యగును. చక్రము పెరిగినంత ప్రక్కగోడ తగ్గినది. అట్లుగాక 205/65 ఆర్15 వేసినచో మొత్తము 647 మిల్లీమీటర్లు దాటును. అప్పుడు వేగము చూపు ముల్లు ఇదివఱకు నిజము చెప్పుచుండినను, ఇకమీదట అది 80 చూపునప్పుడు బండి 83 కిలోమీటర్లకు పైగా పరుగెత్తుచుండును. మలుపులలో టైరు లోపలి రేకులకు రాచుకొనవచ్చును గూడ.

ఇక చక్రమును బండికి బిగించు కొలతలు. నాలుగు బోల్టులు 100 మిల్లీమీటర్ల వలయముమీద నుండు బండ్లు కలవు. అయిదు బోల్టులు 114.3 మిల్లీమీటర్ల వలయముమీద నుండునవి కలవు. 98 మిల్లీమీటర్ల చక్రమును 100 మిల్లీమీటర్ల బండికి బలవంతముగా బిగించిన బిగిసినట్లే యుండును. కాని బోల్టులు ఏటవాలుగా కూర్చుండి, నడకలో క్రమముగా వదులగును. చక్రము ఊడిపోవుటకు అది చాలును. చక్రము నడిమి రంధ్రము తిరుగలి మేకునకు రాయి అమరినట్లు అమరవలయును. రంధ్రము పెద్దదైనచో వేగమున బండి వణకును. దానికి తగిన కొలత వలయము వేయింపవలయును. చక్రము మఱీ లోపలికి పోయిన లోపలి భాగములకు తగులును. మఱీ వెలుపలికి వచ్చిన ఇరుసు బేరింగులపై భారము హెచ్చును. ఈ లోతును దుకాణములలో ఆఫ్‌సెట్ అందురు.

మన రోడ్ల సంగతియు మఱవరాదు. ప్రక్కగోడ పలుచనైనకొలది గోతి దెబ్బ నేరుగా చక్రమునకే తగులును. వర్షాకాలమున నీరు నిండిన గోతిలో పడి టైరు ప్రక్క ఉబ్బుటయు, అల్లాయి బీటవారుటయు తఱచు జరుగుచుండును. గ్రామములకు పోయివచ్చు కుటుంబమునకు పెద్దచక్రముకంటె ఎత్తైన ప్రక్కగోడయే మేలు.

టైరు కొనునప్పుడు ఐ.ఎస్.ఐ. ముద్రయు, తయారైన కాలమును చూడుడు. ప్రక్కగోడమీది కోడిగ్రుడ్డువంటి గీతలో 2325 అని యుండిన అది 2025వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. గాళ్ల లోతు 1.6 మిల్లీమీటర్లకు తగ్గిన టైరు నడుపుట మన నిబంధనలకు విరుద్ధము. 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ విభాగము, తయారీదారులు నిర్ణయించి రిజిస్ట్రేషను పత్రమునకెక్కిన వివరములకు భిన్నముగా బండిని మార్పరాదనుచున్నది. చక్రములు మార్చినచో భీమా సంస్థకు తెలియజేయుట మంచిది. లేనిచో ఆపద వచ్చిననాడు పేచీ రావచ్చును. క్రొత్తచక్రములు బిగించిన పిదప వంద కిలోమీటర్లలోపల బోల్టులను మరల బిగింపించుడు.

బియ్యము కొనునప్పుడు గింజ కొఱికి చూతుము. బంగారము కొనునప్పుడు తూకము చూడక రూపాయి యీయము. అట్టి మనము చక్రముల దుకాణమున మాత్రము దూరముగా నిలిచియుండుట తగునా? తలుపు పట్టీమీది అంకెలను నేడే యొక కాగితముమీద వ్రాసి, ఇంటిలెక్కల పుస్తకమున నుంచుకొనుడు. దుకాణదారు ఎంత అందమైన చక్రము చూపినను, ముందుగా ఆ కాగితముతో సరిచూచి, పిమ్మట ధర అడుగుడు.