చెప్పినట్లు వెలుగు దీపములు



సంధ్యవేళ దీపము పెట్టుట గృహిణికి తొలి విధి యని పెద్దలు మనకు నేర్పిరి. నేడు ఆ పనిని సెల్‌ఫోనును, వేళకు దమంతట తామే వెలుగు స్మార్టు బల్బులును పంచుకొనుచున్నవి. సౌకర్యమునకు నేను విముఖురాలను గాను. కాని మా యింట జరిగిన సంగతి వినినచో మీరును మీ దీపముల నొకసారి పరీక్షించుకొందురని దీనిని వ్రాయుచున్నాను.

గడచిన కార్తికమున మా మరిది యిట్టి బల్బులను గదులలోను, నడవలోను అమర్చి, రాత్రి పదిగంటలకు అవి యారిపోవునట్లు ఫోనులో నేర్పాటు చేసెను. మూడవనాటి రాత్రి మా అత్తగారు రెండుగంటల వేళ లేచి, అలవాటు చొప్పున గోడమీది మీట నొక్కిరి. దీపము వెలుగలేదు. కరెంటు పోయినదని తలచి చీకటిలో నడచి, గడప తగిలి పడిరి. మణికట్టునకు కట్టు కట్టింపవలసి వచ్చినది. "నా యింటి దీపము నా చేతికి రాకపోయెనే!" యని వారన్న మాట నన్ను మిక్కిలి బాధించినది.

కారణ మిది. ఇట్టి బల్బు ఆరియున్నను వైఫై ద్వారా వచ్చు నాజ్ఞకై లోలోపల మేల్కొనియే యుండును. అందులకు గోడమీట యెల్లప్పుడును వేసియే యుండవలెను. అత్తగారు నొక్కగానే వేసియున్న మీట కట్టబడి, బల్బునకు విద్యుత్తే తెగిపోయినది. మరల నొకసారి నొక్కియున్నచో వెలిగి యుండెడిది. ఆ సంగతి వారికి మాలో నెవరును చెప్పలేదు. దోషము యంత్రముది గాదు, మాది.

పిమ్మట తెలివిని బల్బునుండి మీటకు మార్చితిమి. స్విచ్చుబోర్డు వెనుక నిమిడెడు చిన్న రిలే పరికరము దొరకును. దానిని బిగించినచో సాధారణమైన 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బే చాలును. మీటయు, ఫోనును రెండును పనిచేయును. ఇంటర్నెట్టు లేకున్నను మీటకు లోటుండదు. వీనిలో పెక్కింటికి బోర్డులో న్యూట్రల్ తీగ కావలెను గాన, మెయిను కట్టి ఎలక్ట్రీషియను చేతనే చేయింపవలెను.

నడవలో నేలకు దాపుగా, కదలికను గుర్తించు చిన్న దీపము నుంచితిమి. అది కదలెడు దేహపు వేడిమిని పసికట్టి వెలుగును. మనిషి కదలక నిలిచినచో ఆరిపోవును గనుక, ఆరు గడువును మూడు నిమిషములుగా పెట్టుకొంటిమి.

మిగిలిన స్మార్టు బల్బులకు మరియొక చిక్కు గలదు. కరెంటు పోయి వచ్చినప్పుడు పెక్కు బల్బులు నడిరేయియైనను నిండుగా వెలిగి బిడ్డల నిద్ర చెరచును. "మునుపటి స్థితియే" యుండునట్లు ఫోనులో ముందే నిర్ణయింపవలెను. వీధి దీపమునకు గడియారపు వేళగాక సూర్యాస్తమయమును నియమించుట మేలు. మన ప్రాంతమున మార్గశిరమునకును ఆషాఢమునకును అస్తమయము గంటకు పైగా భేదించును గదా!

క్రొత్త దీపము కొనునపుడు ధరను, కాంతిని మాత్రమే గాక, ఫోను పట్టని వారి చేతికి నది లొంగునా యనియు నడుగుడు. ఇప్పుడు అత్తగారు నడవలో నడుగిడగానే వెలుగు వచ్చును. అయినను సంధ్యవేళ ముందుగది మీటను వారే నొక్కెదరు. ఆ దీపమునకు మాత్రము మేము వేళ నియమింపలేదు.